నంబరుకు కాపలా

మా బచేలీ కాలనీలో 1980లలో చెస్ రేటింగ్ అంటే ఒక పొడుగాటి రిజిస్టరు. ఎర్ర అట్ట, లోపల నీలం గీతలు, స్టోర్సు వాళ్లు సరుకు రాసుకునే రకం. రిక్రియేషన్ క్లబ్బు బీరువాలో క్యారమ్ పౌడరు డబ్బాల పక్కన ఉండేది. బీరువా తాళంచెవి నా దగ్గర ఉండేది. ప్రాజెక్టు స్కూల్లో లెక్కల టీచర్ని కదా, "కూడికలు తీసివేతలే కదమ్మా, మీరైతే తప్పు పోదు" అంటూ ఆ పని నాకు అంటగట్టారు. నాకు ఆట ఓ మాదిరిగానే వచ్చు. లెక్క మాత్రం బాగా వచ్చు. ఆదివారం సాయంత్రం ఆటలు ముగిశాక, గెలిచినవాడూ ఓడినవాడూ నా ఎదురుగా నిలబడితే తప్ప నేను అంకె రాసేదాన్ని కాదు.

మేము అక్కడికి ఎలా చేరామో ఒక ముక్క చెప్పాలి. బైలాడిల్లా కొండల ఇనుము కోసం 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. ఆ ఇనుమును విశాఖ రేవుకు దించడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, యాభైకి పైగా సొరంగాలు తవ్వి రైలు మార్గం వేశారు. ఆ పనుల్లోకి విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లలో మా నాన్నగారు ఒకరు. కిరండూల్ గని 1968లో మొదలైంది, మా బచేలీ గని 1977లో. అప్పుడంతా ఒకటే బస్తర్ జిల్లా, విస్తీర్ణంలో కేరళ కన్నా పెద్దది. దంతెవాడ విడిపోయింది 1998లో. తెలుగువాళ్లు ఇక్కడికి రావడం రైలుతోనే మొదలైందని అనుకుంటే పొరపాటు. బస్తర్ రాజవంశం తన మూలపురుషుడిగా చెప్పుకునే అన్నమదేవుడు ఓరుగల్లు కాకతీయుల ఇంటివాడు. కోంటా, భోపాలపట్నం వైపు ఊళ్లలో తెలుగు ఇంటి భాష. మేము మాత్రం రైలెక్కి వచ్చిన తెలుగువాళ్లం. మాతో పాటే మలయాళీలు, బెంగాలీలు, ఒడియాలు దిగారు. అందరికీ కలిసే భాష గనిలో హిందీ, క్లబ్బులో చదరంగం.

రేటింగ్ లెక్క కట్టే పద్ధతి ఆర్పాద్ ఎలో అనే ఆయనది. హంగేరీలో 1903లో పుట్టి, అమెరికాలో మిల్వాకీ నగరంలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పారు. ఆయన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. చాలా ఏళ్లు ఫిడే జాబితా ఆ పెద్దాయనే స్వయంగా లెక్కకట్టి తయారుచేశారు. సూత్రం చిన్నది. ఇద్దరి అంకెల మధ్య తేడాను బట్టి ఎవరికి ఎంత గెలుపు రావాలో ముందే అంచనా ఉంటుంది. సమానమైతే సగం సగం. 200 తేడా ఉంటే పెద్దవాడికి నూటికి 76 పాళ్లు. అంచనా కన్నా ఎక్కువ తెచ్చుకుంటే అంకె పెరుగుతుంది, తక్కువైతే తరుగుతుంది. విశాఖలో విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో మాస్కో నుంచి వచ్చిన చెస్ పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. సెలవులకు వెళ్లినప్పుడల్లా కొనుక్కొచ్చేదాన్ని. సూత్రం మాత్రం మా క్లబ్బుకు వచ్చిన ఒక ఇంగ్లీషు పత్రికలో దొరికింది. నేను దాన్ని మా రిజిస్టరుకు సరిపడా కుదించాను. కొత్తవాడికి 1200తో మొదలు, సమానుడిని ఓడిస్తే 16 పాయింట్లు.

ఆ రిజిస్టరులోనూ దొంగతనం జరిగింది. గనిలో ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని మూడు కాలాలు. ఒక డ్రిల్లు ఆపరేటర్‌కి తన పేరు పట్టికలో పైకి పోవాలని మహా ఆశ. అతనికన్నా బాగా ఆడే స్నేహితుడు ఒకడు ఉండేవాడు, వాడికి రేటింగ్ మీద ధ్యాస లేదు. నేను సెలవులో ఊరికి వెళ్లినప్పుడు రిజిస్టరు క్లబ్బు కార్యదర్శి చేతికి వెళ్లేది, ఆయన చీటీ మీద ఏది రాసి ఇస్తే అది ఎక్కించేసేవారు. తిరిగి వచ్చి చూస్తే ఆపరేటర్ వరసగా ఆదివారాలు గెలుస్తూ ఉన్నాడు. ఆ ఆదివారాల్లో రెండింటికి, సరిగ్గా ఆటల వేళకు, అతను షిఫ్టులో ఉన్నాడు. టైమ్ ఆఫీసు బోర్డు మీద పేరు ఉంది. గనిలో డ్రిల్లు కొడుతూ క్లబ్బులో ఏనుగుల ఎండ్‌గేమ్ గెలవడం ఎలాగని నలుగురిలో అడిగాను. ఆపరేటర్ తల దించుకున్నాడు. అతని పేరున ఆడిన స్నేహితుడు మాత్రం పగలబడి నవ్వాడు. ఆ పాయింట్లన్నీ కొట్టేశాను. ఓడిపోయినవాళ్లకు వాళ్ల పాయింట్లు తిరిగి ఇచ్చాను, అది అన్నిటికన్నా పెద్ద పని. ఎందుకంటే వాళ్లు ఆ తర్వాత ఇంకెవరెవరితోనో ఆడారు, ఆ లెక్కలన్నీ మళ్లీ కట్టాలి.

నలభై మంది ఆడే క్లబ్బులో ఒక్కడు పేరు మార్చి ఆడితే, వాడి అంకె ఒక్కటే చెడదు. వాడితో ఆడినవాళ్లది, వాళ్లతో ఆడినవాళ్లది, అందరిదీ కొంచెం కొంచెంగా చెడుతుంది. రేటింగ్ ఒకడి జేబులో సొమ్ము కాదు. ఆడేవాళ్లందరి మధ్య ఉన్న లెక్క. ఈ మాట పిల్లలకు చెప్పడానికి ఇప్పటికీ ఆ డ్రిల్లు ఆపరేటర్ కథే చెబుతాను.

అసలైన రేటింగ్, అంటే ఫిడే వాళ్లది, మాకు ఆకాశంలో ఉండేది. అప్పట్లో వాళ్ల జాబితాలో అట్టడుగు అంకె 2200. అంతకన్నా తక్కువ ఆడేవాడికి ప్రపంచం దృష్టిలో అంకే లేదు. జాబితా ఏడాదికి రెండుసార్లు వచ్చేది. బస్తర్ నుంచి ఎవరైనా రేటింగ్ తెచ్చుకోవాలంటే ముందు నాగపూర్‌కో, భోపాల్‌కో, మద్రాసుకో పోవాలి. సెలవు దొరకాలి, రైలు దొరకాలి, అక్కడ రేటింగ్ ఉన్నవాళ్లే ఎదురు పడాలి. ఆ అట్టడుగు మెట్టును తర్వాత్తర్వాత దించుతూ 2012 కల్లా 1000కి తెచ్చారు. 2024 మార్చిలో 2000కి తక్కువ ఉన్నవాళ్లందరి అంకెలూ కొంత పెంచి, కనీసం 1400 చేశారు. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి, గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ లాంటివాళ్లు ఆ గోడ ఇంకా ఎత్తుగా ఉన్న రోజుల్లోనే దూకి వచ్చినవాళ్లు. వెనక ఎవరో ఒకరు ఊళ్లు తిప్పితే తప్ప అది కుదిరేది కాదు. హంపికి ఆమె తండ్రి అశోక్ గారు ఉన్నారు. మా డంపర్ మెకానిక్కుకి ఎవరున్నారు?

ఆ డంపర్ మెకానిక్కు మా రిజిస్టరులో మొదటి స్థానం, 1840. ఒకసారి రాయపూర్ వెళ్లి టోర్నమెంటు ఆడి బిక్కమొహంతో తిరిగొచ్చాడు. వాడి తప్పేమీ లేదు. బయటివాళ్లెవరూ రాని చోట అంకెలు బయటి లెక్కతో సంబంధం తెగి ఎటైనా పోతాయి. అమెరికాలో క్లాడ్ బ్లడ్‌గుడ్ అని ఒకడుండేవాడు, తల్లిని చంపిన కేసులో వర్జీనియా జైల్లో ఉన్నవాడు. తోటి ఖైదీలతోనే వేల ఆటలు ఆడి, 1990ల నడుమ 2702కి ఎక్కాడు. కాగితం మీద అమెరికాలో రెండో ఆటగాడు! రుమేనియాలో అలెగ్జాండ్రు క్రిషన్ అనే ఆయన దారి వేరు. కాగితాల మీద టోర్నమెంట్లు సృష్టించి 2635 దాకా ఎక్కాడని గొడవై, చివరికి ఫిడే ఆయన గ్రాండ్‌మాస్టర్ హోదాను తీసేసింది. బ్లడ్‌గుడ్ సంగతిలో సూత్రం ఎక్కడా తప్పలేదు, అదే విచిత్రం. లెక్కంతా సరిగ్గానే ఉంది, లోకమే చిన్నది. క్రిషన్ సంగతి నేరుగా మా ఆపరేటర్ దారే, కాస్త పెద్ద ఎత్తున.

ఇంతవరకు చెప్పిన కథలన్నిటిలో ఒక సంగతి మారలేదు. అంకెకు కాపలా ఆటగాడు కాదు. ఎలో గారో, ఫిడే కార్యాలయమో, బీరువా తాళంచెవి ఉన్న నేనో. ఆటగాడు ఇంటికి పోయి నిద్రపోవచ్చు. ఆ భారం ఆటగాడి నెత్తికెక్కింది ఇంటర్నెట్ వచ్చాకే.

ఇంటర్నెట్ చెస్ సర్వర్ అని 1992లో అమెరికాలో మొదలైంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు డేనియల్ స్లేటర్ దాన్ని చక్కదిద్ది, 1995లో ఇంటర్నెట్ చెస్ క్లబ్ పేరిట రుసుము పెట్టి నడిపారు. ఊరికే వచ్చినదానికి రుసుమేమిటని అలిగినవాళ్లు వేరుకుంపటి పెట్టి ఉచిత సర్వర్ నడుపుకున్నారు. అక్కడ నీ పేరు నీ ఇష్టం. ముఖం అక్కర్లేదు. ముఖం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2001 నాటి ఒక సంఘటన చాలు. ఇంగ్లండు గ్రాండ్‌మాస్టర్ నైజెల్ షార్ట్ ఆ క్లబ్బులో పేరు తెలియని ఒకడితో మెరుపు ఆటలు ఆడాడు. అవతలివాడు రాజును ముందుకు నడిపించి, పిచ్చి ఎత్తులతో మొదలుపెట్టి, ఆ తర్వాత చావగొట్టాడు. ఇది కచ్చితంగా బాబీ ఫిషర్ అని షార్ట్ పత్రికలో రాసేశాడు. ప్రపంచమంతా గగ్గోలు. ఫిషర్ నేను కాదన్నాడు. కంప్యూటర్ పెట్టుకుని ఎవరో ఆటపట్టించారనే తర్వాత ఎక్కువమంది నమ్మారు. ప్రపంచ కిరీటానికి పోటీపడిన షార్ట్ అంతటివాడు ఎదుటి కుర్చీలో ఎవరున్నారో తేల్చుకోలేకపోయాడంటే, మామూలువాళ్ల సంగతి చెప్పేదేముంది.

ఈ ముచ్చట్లన్నీ మాకు ఏళ్లకేళ్లు ఆలస్యంగా చేరాయి. మా ఊళ్లకు ఇంటర్నెట్ వైరు కన్నా ముందు చీకటి వచ్చింది. 2007 మే 31న మావోయిస్టులు నారాయణపూర్ వైపు హైటెన్షన్ టవర్లు పేల్చేశారు. జగదల్‌పూర్ మొదలు దక్షిణాన అంతా వారానికి పైగా కరెంటు లేదు. ఆస్పత్రులకు జనరేటర్లు, ఇళ్లకు కిరోసిన్ దీపాలు. క్లబ్బులో కొవ్వొత్తి పెట్టుకుని ఆడినవాళ్లు ఉన్నారు. చూడండి, అదే ఏడాది మేలోనే అమెరికాలో చెస్.కామ్ తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరు జాబితాలో మన హంపి 2606కి చేరింది. జుడిత్ పోల్గార్ తర్వాత 2600 దాటిన రెండో మహిళ. హంపి సంగతి ఎప్పటిలాగే పేపర్లో ఆలస్యంగా చదివాం. చెస్.కామ్ పేరు విన్నది మాత్రం ఇంకా చాలా ఏళ్లకు.

జగదల్‌పూర్‌లో మాత్రం అంతకుముందే ఇంటర్నెట్ కేఫ్‌లు ఉండేవి. ఉద్యోగాల దరఖాస్తులు, రైలు టికెట్లు, పరీక్ష ఫలితాలు. పిల్లలు గంటకు ఇంతని ఇచ్చి కూర్చుని ఆన్‌లైన్ చెస్ ఆడటం మొదలుపెట్టారు. మూల కంప్యూటర్లో ఒకడు తన అకౌంటు తెరిచి, టైమ్ అయిపోయి లేచిపోతే, తర్వాత కూర్చున్నవాడు అదే అకౌంటులో ఆడేవాడు. బయటికి వచ్చేటప్పుడు లాగౌట్ కావాలని ఎవరికి తెలుసు? క్రికెట్ బ్యాటు మైదానంలో వదిలేస్తే ఎవరైనా నాలుగు బంతులు కొడతారు కదా, అలాగే అనుకున్నారు. అది దొంగతనమని ఆడినవాడికీ తోచలేదు, పోగొట్టుకున్నవాడికీ తోచలేదు.

అడవిలోకి సిగ్నల్ ప్రభుత్వం పంపింది. నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో రెండు వేలకు పైగా మొబైల్ టవర్ల పథకాన్ని 2014లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. బీఎస్ఎన్ఎల్ వేసింది. కొన్ని తగలబడ్డాయి, మళ్లీ వేశారు. ఆ తర్వాత 2018లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన పేరుతో ఇళ్లల్లో మహిళలకు, కాలేజీ పిల్లలకు స్మార్ట్‌ఫోన్లు పంచింది. పల్లెకు ఫోను చేరిన పద్ధతి ఇదీ. మనిషికొకటి కాదు, గడపకొకటి. పేరు అమ్మది, సిమ్ అమ్మది, వాడేది ఇంటిల్లిపాదీ. పొద్దున అన్న, మధ్యాహ్నం చెల్లెలు, రాత్రి నాన్న. గొడవలకాలంలో బడులు కూలిన ఊళ్లలో పిల్లల కోసం కట్టిన పోటా కేబిన్ హాస్టళ్లలో అయితే వార్డెన్ ఫోను ఒక్కటే, ఆయన దయ తలిస్తే.

రేటింగ్ లెక్కకూ బస్తర్ ఇంటికీ చుక్కెదురు ఇక్కడే. ఎలో గారి సూత్రం మొత్తం ఒకే ఒక నమ్మకం మీద నిలబడింది: ఒక అంకె వెనక ఒక మనిషి. దంతెవాడ దగ్గర ఒక ఇంట్లో నేను చూసిన అకౌంటు వెనక ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడి అసలు బలం 1500 అనుకోండి, చిన్నవాడిది 900. ఆటకొకరు చొప్పున ఇద్దరూ ఒకే అకౌంటులో ఆడితే ఆ అకౌంటు చివరికి 1200 దగ్గర నిలబడుతుంది. కాగితం మీద కట్టి చూడండి. 1200 వాడు ఎదురైతే పెద్దవాడికి నూటికి 85, చిన్నవాడికి 15, రెండూ కలిపి సగం చేస్తే సరిగ్గా 50. సర్వర్ కంటికి అంతా సవ్యంగా ఉంటుంది. కాని 1200 బలమున్న మనిషి ఆ ఇంట్లో లేడు. అవతల హైదరాబాదులోనో హవానాలోనో కూర్చుని సమానుడితో ఆడుతున్నాననుకున్నవాడికి ఒక రోజు చితకబాదుడు, ఒక రోజు అప్పనంగా గెలుపు. మా రిజిస్టరులో డ్రిల్లు ఆపరేటర్ చేసినదే, దురుద్దేశం ఒక్కటి తక్కువ.

కొత్త సర్వర్లు దీనికి కొంత జవాబు కనిపెట్టాయి. మార్క్ గ్లిక్‌మన్ అనే అమెరికన్ గణాంక శాస్త్రవేత్త 1990లలో గ్లికో పద్ధతి తెచ్చారు. అంకె పక్కన, ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే రెండో అంకె. లిచెస్ దాని తర్వాతి రూపాన్ని వాడుతుంది. ఫ్రాన్సుకు చెందిన తిబో డుప్లెసీ 2010లో మొదలుపెట్టిన ఉచిత సైటు అది. అక్కడ కొత్తవాడికి 1500తో పాటు పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది. చాన్నాళ్లు ఆడకపోతే ఆ ప్రశ్నార్థకం మళ్లీ వస్తుంది. చక్కని నిజాయితీ. కాని నమ్మకం ఎంతో కొలిచే ఆ రెండో అంకె కూడా, ఆడుతున్నది ఒకడే అనే నమ్మకం మీదే ఉంది. అన్నదమ్ముల సంగతి దానికీ తెలియదు.

అకౌంటు పోవడంలో నేను చూసినవి ఎక్కువగా చాయిస్ సెంటర్ దగ్గర మొదలయ్యాయి. ఛత్తీస్‌గఢ్‌లో ప్రతి బ్లాకు కేంద్రంలో, పెద్ద సంతల దగ్గర చాయిస్ సెంటర్ ఉంటుంది. కుల ధ్రువపత్రం, ఆధార్ మార్పు, పరీక్ష ఫారం, అన్నీ అక్కడే. పిల్లవాడికి ఫిడే ఐడీ కావాలన్నా, సమాఖ్యలో నమోదు కావాలన్నా ఈమెయిలు ఉండాలి. ఇంట్లో ఎవరికీ లేదు. సెంటర్లో కుర్రాడు రెండు నిమిషాల్లో చేసిపెడతాడు, పాస్‌వర్డ్ తనే పెడతాడు, ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. వందల ఇళ్ల పాస్‌వర్డులు ఒకే నోటుబుక్కులో. చాలావాటికి పిల్లవాడి పేరు, పక్కన 123. ఆ కుర్రాళ్లలో నూటికి తొంభైమంది మంచివాళ్లే, అడిగితే నోటుబుక్కు తెరిచి చూపిస్తారు. ఎవరడిగినా చూపిస్తారు, అదే చిక్కు.

ఇక సిమ్ముల సంగతి. రీఛార్జి చేయకపోతే నంబరు ఆగిపోతుంది. మూసేసిన నంబరును కనీసం 90 రోజులు ఆపి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చని టెలికాం నియమం. ఊళ్లో సిగ్నల్ లేక, వలస పోయి, డబ్బుల్లేక మూడు నాలుగు నెలలు రీఛార్జి చేయని ఇళ్లు ఇక్కడ కొల్లలు. అదే నంబరుకు కట్టిన ఈమెయిలు, ఆ ఈమెయిలుకు కట్టిన చెస్ అకౌంటు. నంబరు ఎక్కడో ఎవడి చేతికో పోతే, వాడు కావాలని ఏమీ చేయకపోయినా, మనం మాత్రం మళ్లీ లోపలికి పోలేము. మిర్తూర్ వైపు ఒక పిల్ల రెండేళ్లు ఆడి కష్టపడి తెచ్చుకున్న 1600 అలాగే పోయింది. వాళ్లమ్మ నన్ను అడిగింది, "టీచర్ గారూ, రేషన్ కార్డు పోతే ఎక్కడికి పోవాలో తెలుసు. దీనికి ఎక్కడికి పోవాలి?" వాళ్లది భోపాలపట్నం వైపు నుంచి కాపురానికొచ్చిన తెలుగు. సైటుకు ఉత్తరం రాశాం. రుజువులు అడిగారు. మా దగ్గర ఉన్న రుజువు ఆ పిల్ల ఒక్కతే.

నిజం చెప్పాలంటే ఆ సైట్లను తప్పుపట్టలేను. వాళ్లకు వచ్చే ఉత్తరాల్లో సగం అబద్ధాలు ఉంటాయి. కంప్యూటర్ సాయంతో ఆడి పట్టుబడ్డవాడు ఏ దేశంలోనైనా మొదట చెప్పే మాట ఒకటే. నేను కాదు, మా తమ్ముడు ఆడాడు. తమ్ముడు లేనివాడు స్నేహితుడంటాడు. చెస్.కామ్ నిబంధన దీనికి ముందే తలుపు మూసింది. నీ అకౌంటులో ఏం జరిగినా నీదే పూచీ, ఒక అకౌంటు ఒక్కరికే. చేతిలో ఉన్న ఫోనులోనే ప్రపంచ ఛాంపియన్‌ను ఓడించే ఇంజిన్ ఉన్న కాలంలో ఇంకెలా ఉండమంటారు? పెద్దవాళ్లే ఆగలేకపోయారు. 2021 జూన్ 13న కోవిడ్ బాధితుల విరాళాల కోసం విశ్వనాథన్ ఆనంద్ ప్రముఖులతో ఆడినప్పుడు, జెరోధా సంస్థ సహ వ్యవస్థాపకుడు నిఖిల్ కామత్ ఆయన్ని గెలిచారు. మర్నాడు తనకు కంప్యూటర్ల సాయం, విశ్లేషించేవాళ్ల సాయం అందిందని ఆయనే బహిరంగంగా ఒప్పుకున్నారు. అకౌంటు మూసేశారు, మళ్లీ తెరిచారు. అది రేటింగ్ లెక్కలోకి వచ్చే ఆట కాదని, ఆనంద్ సాగదీయదలచుకోలేదని కారణం చెప్పారు. మా దంతెవాడ తమ్ముడి అకౌంటు మూతపడితే అలా మళ్లీ తెరుస్తారా అని పిల్లలు నన్ను అడిగారు. నేను జవాబు చెప్పలేదు, నా ముఖం చూసి వాళ్లే నవ్వుకున్నారు.

మోసగాడు పట్టుబడితే వాడి చేతిలో ఓడినవాళ్లకు పాయింట్లు తిరిగి ఇస్తాయి ఈ సైట్లు. ఒక రోజు ఉన్నట్టుండి ఫోనులో సందేశం వస్తుంది, నీ పాయింట్లు ఇన్ని తిరిగొచ్చాయని. నేను వారాల తరబడి రిజిస్టరులో కొట్టివేతలతో చేసిన పని వాళ్ల యంత్రం చిటికెలో చేస్తుంది. అసూయగానే ఉంటుంది.

తలుపు గట్టిగా వేసుకున్నవాళ్లకూ దెబ్బ తగలొచ్చు. 2023 నవంబరులో చెస్.కామ్ వాడేవాళ్లలో 8 లక్షలకు పైగా మంది పేర్లు, ఈమెయిళ్లు పోగేసి బయట పడేశారు. పాస్‌వర్డులు అందులో లేవు. కాని పేరు పక్కన 123 పెట్టుకున్నవాడికి ఈమెయిలు తెలిస్తే చాలదూ? అందుకే నా దగ్గరకొచ్చే పిల్లలకు ఓపెనింగుల కన్నా ముందు రెండంచెల తాళం నేర్పుతాను. పాస్‌వర్డుతో పాటు ఫోనులో మారుతూ ఉండే అంకెల కోడ్. నంబరుకు మెసేజీ వచ్చే రకం కాకుండా ఫోనులోనే పుట్టే రకం, సిమ్ము పోయినా బతకడానికి. పునరుద్ధరణ కోడ్లు కాగితం మీద రాసి ఇంట్లో బియ్యం డబ్బా దగ్గరో, దేవుడి పటం వెనకో పెట్టమంటాను. కొందరు తల్లులు ఆ కాగితానికి పసుపు రాసి పెట్టారు.

ఆన్‌లైన్ అంకెకు ఇంత హంగామా ఎందుకని పెద్ద నగరాల కోచ్‌లు నవ్వుతారు. అది నిజం రేటింగ్ కాదు కదా అంటారు. వాళ్లకు కాకపోవచ్చు. రాయపూర్‌లో 2022 సెప్టెంబరులో గ్రాండ్‌మాస్టర్ టోర్నమెంటు జరిగితే మా వాళ్లలో వెళ్లగలిగింది కొద్దిమందే. రానుపోను, తిండి, బస, ఫీజు. మిగతావాళ్లకు తాము ఎంతటివాళ్లో చెప్పే అంకె ఫోనులో ఉన్నదొక్కటే. పోనీ పైవాళ్లకైనా ఈ బాధలు తప్పాయా? 2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో, భారత్ రష్యాతో ఆడుతుంటే దివ్య దేశ్‌ముఖ్‌కి, నిహాల్ సరీన్‌కి కనెక్షన్ తెగిపోయి గడియారం అయిపోయింది. ఫిడే ఇరు జట్లకూ బంగారు పతకం ఇచ్చింది. ఆ రాత్రి బచేలీలో మా పిల్లలు ఎగిరి గంతేశారు. పతకం కోసం కాదు. సిగ్నల్ పోయి ఓడిపోవడం అంతటివాళ్లకూ ఉంటుందని.

దంతెవాడ అన్నదమ్ముల అకౌంటు సంగతి మిగిలింది. ఒకే ఫోనైనా సరే, అకౌంట్లు వేరుచేయాల్సిందేనని నేను పట్టుబట్టాను. చిన్నవాడికి కొత్తది తెరిచాం. వారంలో వాడి అంకె 870కి దిగింది. అన్న నీడ పోయేసరికి తన ఎత్తు తెలిసి ఒక పూట అన్నం మానేశాడు. పాత అకౌంటు ఎవరిదనే పేచీ వచ్చింది. తెరిచింది నేను కాబట్టి నాదేనన్నాడు పెద్దవాడు. ఎక్కువ ఆటలు నావే, గీసి లెక్కపెట్టుకోమన్నాడు చిన్నవాడు. మధ్యలో వాళ్ల నాన్న నోరు విప్పాడు. నెలనెలా రీఛార్జి చేసేది తను, సిమ్ము తన పేరు మీదికి మార్పించినది తను, కాబట్టి అకౌంటు తనదన్నాడు. గనిలో కన్వేయర్ బెల్టు మీద పనిచేసే మనిషి. ఇంట్లో ఎవరికీ తెలియకుండా రాత్రిళ్లు ఆయన కూడా అందులోనే ఆడుతున్నాడని అప్పుడు బయటపడింది. అంటే నేను కట్టిన 1500, 900 లెక్క కూడా సరైనది కాదు, వెనక ఉన్నది ముగ్గురు. పెద్దవాడికి కూడా కొత్తది తెరిచాం. పాతది ఆయన దగ్గరే ఉంది. 1200తో తీసుకున్నాడు, నిన్న అడిగితే 1040 అన్నాడు, ఇంకా దిగుతోంది.